చేనమ్మకు ఒడిబియ్యం

మా పెద్దమ్మ కుళ్ళాయమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా బెంగళూరులో, మైసూరులో, మద్రాసులో మ్యూజియాలు చూసి వచ్చింది. మా పెనుకొండ తాలూకాలో, ఆఫీసర్లను కలుపుకొని లెక్క చూసినా, ఆ మూడూ చూసినవాళ్ళు ఇంకొకరు ఉంటారని నేననుకోను. చూడటమంటే అందరిలా ఒక గుమ్మంలో దూరి ఇంకో గుమ్మంలో బయటపడటం కాదు. ప్రతి అమ్మవారి బొమ్మ ముందూ ఆగేది. వంగి ముఖంలోకి చూసేది. "ఈయమ్మ కాదు" అని పక్కకు జరిగేది. ఆమె వెతికింది ఒకే ముఖాన్ని.

ఆ ముఖం మా చేన్లోనే దొరికింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మ, పెద్దనాయన ఓబుళప్ప. వాళ్ళకు పిల్లలు లేరు. పెనుకొండకు తూర్పున, గుట్ట కింద వాళ్ళకు కొంచెం మెట్టచేను ఉండేది. 1935లో చివరి వాన ఎగ్గొట్టింది. శెనక్కాయ చేను రాయిలా బిగుసుకుపోయింది. చెట్టు పీకితే తీగ చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. అందుకని ఆ ఏడు ఆడవాళ్ళు చిన్న గునపాలతో తవ్వి కాయలు ఏరారు. గుట్ట వార పెద్దమ్మ వేసిన దెబ్బ ఒకటి ఖంగుమంది. చుట్టూ చేత్తో గోకితే మూరెడు ఎత్తు అమ్మవారి విగ్రహం బయటపడింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎడమ భుజం మీద గునపం దెబ్బకు చిన్న సొట్ట పడి, అక్కడ మాత్రం లోహం కొత్తగా మెరిసింది.

చింతపండుతో తోమితే ముఖం తేలింది. చేన్లో దొరికింది కాబట్టి ఊరంతా చేనమ్మ అన్నారు. పెద్దమ్మ ఇంట్లో బియ్యం గంప పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. పొద్దున్నే పసుపు కుంకుమలతో వచ్చే ఆడవాళ్ళతో మా ఇల్లు జాతరలా ఉండేది. రెండు మూడు నెలలు అలా గడిచింది. ఆ తర్వాత తాలూకా ఆఫీసరు బండి కట్టించుకొని వచ్చాడు. భూమిలో దొరికిన పాతవస్తువు సర్కారుకు చూపించాలని, ఇది మ్యూజియానికి పోతుందని మర్యాదగానే చెప్పాడు. చట్టం అది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కానీ విగ్రహాన్ని ఎత్తి బండిలో పెట్టడానికి మగవాళ్ళు ఒక్కరూ ముందుకు రాలేదు, భయపడ్డారు. చివరికి పెద్దమ్మే ఎత్తింది. కదిలి దెబ్బ తగలకుండా గోతంలో శెనక్కాయ పొట్టు పోసి, మధ్యలో అమ్మవారిని నిలబెట్టి మూతి కట్టింది. "పోయిరా తల్లీ" అంది.

ఆ పూట ఊరి పెద్ద ముత్తైదువ ఉలిగమ్మ ఊళ్ళో లేదు. కదిరి తేరుకు పోయి ఉండింది. సాయంత్రం వస్తూనే మా వాకిట్లో నిలబడి ఒకే ప్రశ్న అడిగింది.

"బండెక్కించే ముందు ఒడి నింపినారా?"

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు.

"ఏమే కుళ్ళాయమ్మా, నిన్నే అడిగేది. ఊరి ఆడబిడ్డను ఉత్త ఒడితో పంపితివా? గోతంలో కట్టి, సంతకు మేకపిల్లను తోలినట్ల తోలితివా?"

మా వైపు ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయలుదేరితే ఒడి నింపకుండా గడప దాటనివ్వరు. పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళో కొత్త రవికగుడ్డ పరిచి, బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి, బెల్లం పోస్తారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఆ బిడ్డ తన ఒళ్ళోంచి పిడికెడు బియ్యం తీసి తల్లి కొంగులో పోసి పోవాలి. ఆ పిడికెడును గంపలో కలుపుకుంటే ఇంటి కలిమి ఇంట్లో నిలుస్తుంది. లేకపోతే ఆమె వెంటే వెళ్ళిపోతుందని నమ్మకం. బిడ్డ జబ్బు పడి లేవలేకపోతే కాళ్ళ దగ్గర ఒక ఆడపిల్లను కూర్చోబెట్టి, ఆ పిల్ల ఒళ్ళో పోస్తారు. ఉలిగమ్మ పెద్దకూతురు చలిజ్వరంతో మంచం మీదే బండెక్కినప్పుడు అలాగే చేశారు. పోసింది మా పెద్దమ్మే. అప్పట్లో ఊళ్ళో ఏ ఆడబిడ్డ బయలుదేరినా మొదటి దోసిలి ఆమెదే, పాట ఎత్తేదీ ఆమే. తనకు కూతుళ్ళు లేకపోయినా ఊరి కూతుళ్ళందరినీ సాగనంపిన చెయ్యి అది.

చేనమ్మ పోయిన ఏడు శెనక్కాయ పైరుకు తెగులొచ్చింది. మరుసటి ఏడు ఎద్దులకు గాలికుంటు వచ్చింది. అనంతపురం జిల్లాలో ఇవి కొత్తవి కావు. కానీ ఊళ్ళో వాటికి ఇప్పుడు ఒక కారణం దొరికింది. ఒడి నింపే వేళ పెద్దమ్మకు పిలుపు రావడం ఆగిపోయింది. పక్కింట్లో పాట వినబడుతుంటే ఆమె మా ఇంట్లో కూర్చొని శెనక్కాయలు ఒలిచేది. ఏడ్చేది కాదు. ఒలిచిన గింజల్ని మళ్ళీ మళ్ళీ ఏరేది.

"యాడికి పంపినారో కనుక్కోప్పా గంగాధరా. నేను పొయ్యి నింపొస్తా" అంది ఒకనాడు నాతో.

ఇక్కడే మేమందరం కలిసి ఒక పొరపాటు చేశాం. మాకు పట్నం అంటే బెంగళూరే. పెళ్ళి బట్టలకైనా, పెద్ద జబ్బుకైనా హిందూపురం మీదుగా రైల్లో అక్కడికే పోతాం. అది మైసూరు మహారాజు రాజ్యమని, మేం మద్రాసు సర్కారు కింద ఉన్నామని తెలియనివాళ్ళు ఎవరూ లేరు. అయినా మ్యూజియం అనగానే ఊరందరి తలల్లోనూ బెంగళూరే మెదిలింది. నేనప్పుడు అక్కడే బి.ఎస్సీ. చదువుతున్నాను. 1938లో పెద్దమ్మ బియ్యం మూట చంకన పెట్టుకొని వచ్చి నా హాస్టలు ముందు దిగింది.

కబ్బన్ పార్కులో ఎర్రటి మ్యూజియం భవనం ఆమెకు నచ్చింది. లోపల రాతి అమ్మవార్లు వరసగా నిలబడి ఉన్నారు. కొందరికి చేతులు లేవు, కొందరికి ముక్కులు లేవు. ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగింది.

"వీళ్ళందరూ ఏయే ఊర్ల ఆడబిడ్డలో గంగాధరా. ఎవురూ సూసిపోయేకి రారా?"

కాపలాదారు ఆమె మూట చూసి, "ఏనమ్మా అదు, మడిలక్కియా?" అన్నాడు. ఒడిబియ్యాన్ని వాళ్ళు అలా అంటారు. పెద్దమ్మకు కన్నడం బాగా వచ్చు. కథంతా చెప్పింది. అతను తలుపు వేసే వేళ దాటినా మమ్మల్ని తొందరపెట్టలేదు. పైఅంతస్తు కూడా తిప్పి చూపించి, చివరికి చేతులెత్తేశాడు. చేనమ్మ అక్కడ లేదు.

బెంగళూరులో లేకపోతే మైసూరులో ఉంటుందన్నారు. మహారాజు ఉండే ఊరు కదా! మరుసటి దసరాకు పెద్దనాయన కూడా బయలుదేరాడు. జగన్మోహన ప్యాలెస్‌లో గోడల నిండా పటాలే. రంగుల్లో ఆడవాళ్ళు నిజం మనుషుల్లా నిలబడి ఉన్నారు. ఒక పటం ముందు పెద్దమ్మ చప్పున కొంగు సర్దుకుంది.

"ఈయమ్మ మనల్నే సూస్తాండాది సూడు. నేను యాడికి జరిగితే ఆడికే సూస్తాంది."

పెద్దనాయన పటాల దాకా రానేలేదు. గంట కొట్టినప్పుడు చిన్న చిన్న సిపాయి బొమ్మలు నడిచే గడియారం ఒకటి అక్కడ ఉంది. ఆయన దాని ముందు చతికిలబడ్డాడు.

"మీరు పోండప్పా. ఈళ్ళు మళ్ళా కవాతు చేసేదాకా నేను రాను."

"అమ్మవారిని వెతికేకి వస్తివా, సిపాయిల్ని లెక్కబెట్టేకి వస్తివా?" అని పెద్దమ్మ అరిచింది.

ఆ గొడవకు లోపలి నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. సంగతి విని, మాది ఏ జిల్లా అని అడిగాడు. అనంతపురం అన్నాను. "అయితే మద్రాసుకు పోయి ఉంటుంది కదండీ, ఇక్కడికెందుకు వస్తుంది?" అన్నాడు. నేను తల దించుకున్నాను. పెద్దమ్మ మాత్రం మెట్ల మీద కూర్చొని కడుపు పట్టుకొని నవ్వింది.

"బిడ్డను మద్రాసుకిచ్చి మైసూరులో వెతుకుతాండాం! ఎవురికన్నా చెప్తే ఉమ్మేస్తారు."

మద్రాసుకు పోయేలోపు యుద్ధం వచ్చింది. రైళ్ళలో సిపాయిలకే చోటు చాలేది కాదు. 1942లో బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు జనమే పల్లెలకు పారిపోయారు. పెద్దమ్మ ఆ ఆరేళ్ళు మాట ఎత్తలేదు. నేను హిందూపురం హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను. పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. 1946 వేసవి సెలవుల్లో, మద్రాసు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా బావమరిది మమ్మల్ని రమ్మన్నాడు. పాపకు అప్పటికి పది నెలలు. పదేళ్ళ నుంచి చంకన పెట్టుకున్న కోరికతో పెద్దమ్మ మాతో బయలుదేరింది.

ఈసారి ఆమె ఇంటి బియ్యం తీసుకుపోదలచుకోలేదు. ఊరి ఆడబిడ్డకు ఊరి బియ్యమే పోయాలి. మొదటి పిడికెడు ఉలిగమ్మ వెయ్యాలి. పెద్దమ్మ చాట పట్టుకొని ఉలిగమ్మ గడప ముందు నిలబడింది.

"మొదటి పిడికెడు నీదే కావాలక్కా."

"పదేండ్లకు గుర్తొచ్చినామా?"

"మర్సిపోతే కదా గుర్తొచ్చేకి."

ఉలిగమ్మ లోపలికి పోయి పిడికెడు తెచ్చింది. కానీ చాట మీద చెయ్యి తెరవలేదు. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలా చెప్పింది.

"ఊరి బియ్యం ఊరి బిడ్డకు లేదనను. కానీ ఇనుకో. ఆయమ్మ తిరిగి పిడికెడు నీ కొంగులో పొయ్యాల. పోస్తేనే నువ్వు ఈ ఊర్లో ఇంకో బిడ్డ ఒళ్ళో చెయ్యి పెట్టేది. ల్యాకుంటే ఆ మాటే మర్సిపో. లోహం చెయ్యి ఎట్ల పోస్తాదో నువ్వే సూసుకో."

అప్పుడు చెయ్యి తెరిచింది. ఆమె వెనకాలే మిగతా ఇళ్ళవాళ్ళు తలా కొంచెం పోశారు. ఇంటికి వచ్చే దారిలో పెద్దనాయన గొణిగాడు. "ఉలిగక్క మహా గట్టిదే. బియ్యమిచ్చి తలుపేసె."

 పెద్దమ్మ ఇల్లు చేరగానే బియ్యంలో పసుపు కలిపి మూట కట్టింది.

ఒడిబియ్యానికి రవికగుడ్డ కావాలి. మేం బెంగళూరు దారి వదిలి, ధర్మవరం, కదిరి, పాకాల మీదుగా మద్రాసు చేరేలా ప్రయాణం పెట్టుకున్నది అందుకే. ధర్మవరంలో సుంకన్న అనే నేతగాడి ఇంటికి పోయాం. ఆయన మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవురికమ్మా రవికగుడ్డ? ఈ కోడలికా?"

"కాదప్పా, ఆడబిడ్డకు."

"మనిషి ఒడ్డూ పొడుగూ?"

"మూరెడు."

"పసిబిడ్డా?"

"వయసు వందలేండ్లుంటాదేమో."

మగ్గం ఆగింది. "మూరెడు మనిషి, వందలేండ్ల వయసు. ఏమమ్మా, పొద్దున్నే నాతో ఆటలా?"

పెద్దమ్మ నవ్వి సంగతి చెప్పింది. సుంకన్న కాసేపు మగ్గం మీది గుడ్డను నిమురుతూ కూర్చున్నాడు. పచ్చ అంచు ఉన్న ఎర్ర పట్టు అది. మూటలో కట్టినవి వేరే ఉన్నా, మగ్గం మీదున్న దాన్నే కోసి ఇచ్చాడు. "ఇంకెవురో మడత ఇప్పి సూసింది ఆయమ్మకు పోకూడదులేమ్మా" అన్నాడు.

ప్రయాణం సంగతి ఎక్కువ చెప్పను. మశూచి, చలిజ్వరం, బయటి నీళ్ళు, కిటికీలోంచి వచ్చే బొగ్గు నలుసులు, వీటన్నిటికీ నేను ముందే ఏర్పాట్లు చేసుకున్నాను. కాచిన నీళ్ళ సీసాలు, థర్మామీటరు, క్వినైను అన్నీ ఉన్నాయి. స్టేషను వచ్చినప్పుడల్లా పాప నుదురు పట్టుకు చూస్తుంటే పెద్దమ్మకు విసుగొచ్చింది.

"ఏమప్పా, బిడ్డను కూడా సీసాలో పెట్టి మూతేస్తావా?"

నా భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

మద్రాసులో మరుసటి పొద్దున ఎగ్మూరు మ్యూజియానికి జట్కా మాట్లాడుకున్నాం. జట్కావాడు కళ్ళెం సర్దుతూ, "చచ్చిన కాలేజీకా సార్, బతికిన కాలేజీకా?" అన్నాడు. ఆ ఊళ్ళో మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అని, జంతువుల తోటను బతికిన కాలేజీ అని అంటారు. పెద్దమ్మ ఎక్కబోయి కాలు కిందికి దించేసింది.

"సచ్చిన ఇంటికి ఒడిబియ్యం తీసకపోకూడదప్పా! మైల!"

"ఎవరూ చావలేదు పెద్దమ్మా. బొమ్మలు, ఎముకలు పెడతారు కదా, అందుకని వేళాకోళానికి అంటారు."

"ఎవురి ఎముకలు?"

"తిమింగలానివి. సముద్రంలో ఉండే పెద్ద జంతువు."

 "జంతువైతే మనకు మైల ల్యాదు" అని తీర్పు చెప్పి ఎక్కింది.

తిమింగలం ఎముకల కింద నిలబడి, "దీన్ని పూడ్సేకి మన చేను సాలదు" అంది. తెల్లటి పాలరాతి శిల్పాల ముందు చాలాసేపు నిలబడింది. రాతిలో చెక్కిన ఆడవాళ్ళ నడుములు, గాజులు, కుండలు ఎత్తుకున్న తీరు చూసి, "ఎంత కళకళలాడుతాండారో! ఈళ్ళ ఊర్లో వానలు బాగా పడినట్లుండాయి" అంది. తొందర లేదు ఆమెకు. రెండు మ్యూజియాలు చూసిన అనుభవం అప్పటికే ఉంది. ఎక్కడ ఏముంటుందో అడుగుతూ, అరుగుల మీద కూర్చొని ఊపిరి తీసుకుంటూ, పాపను ఎత్తి చూపిస్తూ నడిచింది.

కంచు విగ్రహాల గది తర్వాత వచ్చింది. గాజు అల్మారాల్లో దేవుళ్ళు, దేవతలు. పెద్దమ్మ అలవాటు ప్రకారం మొదలుపెట్టింది. ఈయమ్మ కాదు. ఈయమ్మ కాదు. గది చివర ఒక అల్మారా దగ్గర ఆ మాట ఆగిపోయింది. నేను వెళ్ళి చూసేసరికి ఆమె నుదురు గాజుకు ఆనించి ఉంది.

లోపల మూరెడు ఎత్తు అమ్మవారు. చిలుము శుభ్రం చేసి ఉంది, చిన్న చెక్క పీట మీద నిలబెట్టారు. మా ఇంట్లో బియ్యం గంప పక్కన చూసిన ముఖమే. ఎడమ భుజం మీద సొట్ట.

"నేను కొట్టిన దెబ్బ ఇంగా మానలేదే తల్లీ" అంది పెద్దమ్మ.

ఖాకీ కోటు తొడిగిన బంట్రోతు వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగువాడు. "అమ్మా, అద్దానికి ఆనకూడదు" అన్నాడు. పెద్దమ్మ వెనక్కి జరిగి మూట విప్పి చూపించింది. వచ్చిన పని చెప్పింది. అతను సాంతం విన్నాడు.

"తలుపు తీసే అధికారం నాకు లేదమ్మా. తీసినా లోపల బియ్యం పోయకూడదు. పురుగు పడుతుంది, ఎలుకలు చేరుతాయి. బొమ్మ పాడైపోతుంది."

"నీ మాట న్యాయమేలే నాయనా. నా బిడ్డను బాగా సూసుకుంటాండావు." ఆమె గాజు వైపు, చేతిలోని మూట వైపు మార్చి మార్చి చూసింది. పదేళ్ళు, మూడు ఊళ్ళు తిరిగి వచ్చింది. మధ్యలో వేలెడు మందం కూడా లేని అద్దం.

నా భార్య చంకలో పాప అప్పుడే నిద్ర లేచి కళ్ళు నులుముకుంటోంది. పెద్దమ్మ చూపు దాని మీద ఆగింది.

"గంగాధరా, బిడ్డను కింద కూర్చోబెట్టు."

"నేల మీదా? చల్లగా ఉంటుంది పెద్దమ్మా!"

"తువ్వాలు ఏస్తాలే. ఈయమ్మ బయటికి రాల్యాదు. మంచం పట్టిన బిడ్డకు ఎట్ల చేస్తామో అట్లనే చేద్దాం. ఆమె కాళ్ళకాడ నీ కూతురు కూర్చుంటాది."

బంట్రోతు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "అద్దం ముట్టుకోకుండా మీ బిడ్డ ఒళ్ళో మీరేం పోసుకున్నా నాకు పని లేదు. నేల మీద ఒక్క గింజ మిగలకూడదు" అన్నాడు. అని పక్కకు పోకుండా అక్కడే నిలబడ్డాడు.

తువ్వాలు పరిచి పాపను అల్మారా కింద కూర్చోబెట్టాం. ఎర్ర పట్టుగుడ్డ దాని ఒళ్ళో పరిచింది పెద్దమ్మ. పసుపు బియ్యం దోసిళ్ళతో పోసింది. పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి చిప్ప, హిందూపురం బెల్లం ముక్క పెట్టింది. గొంతు తగ్గించి, పదేళ్ళుగా ఊళ్ళో తనను పాడనివ్వని సాగనంపే పాట పాడింది. పాట అయ్యాక మోకాళ్ళ మీద కూర్చొని రెండు చేతులతో కొంగు పట్టింది.

పాప బంట్రోతు కోటుకున్న ఇత్తడి గుండీలను చూస్తోంది.

మేం ఎదురుచూశాం. పాప గుండీలను వదిలి ఒళ్ళో ఉన్న కొమ్ములను చూసింది. ఒకటి తీసి మళ్ళీ పడేసింది. పెద్దమ్మ కొంగును ఇంకొంచెం ముందుకు చాచింది. చూడలేక ఆమె చెవి దగ్గర చెప్పాను.

"నువ్వే ఒక పిడికెడు తీసుకో పెద్దమ్మా. ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?"

"నా కొంగుకు తెలుస్తాదిలేప్పా" అంది కళ్ళు తిప్పకుండా.

అంతలో పాప బియ్యంలో చెయ్యి పెట్టింది. పిడికిలి బిగించి నోటి వైపు లేపింది. గొంతుకు అడ్డం పడుతుందని నేను ముందుకు దూకబోయాను. నా భార్య నా చొక్కా పట్టి లాగింది. "ఉండండి" అంది. పిడికిలి నోటి దాకా పోయింది. ఆగింది. పాప కిలకిలా నవ్వి, ఆ బియ్యాన్ని బంట్రోతు కాళ్ళ మీదికి విసిరింది.

నా ప్రాణం కుదుటపడింది కానీ పెద్దమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. ఆమె మాత్రం తల ఆడించింది.

"అది ఆయనకేలే. ఇన్నేండ్లు కాపలా కాసినాడు కదా, ముందు ఆయనకు ఇయ్యాల్సిందే."

 బంట్రోతు కింద కూర్చొని గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పాప ఆయన్ని కాసేపు చూసింది. మళ్ళీ చెయ్యి ముంచింది. ఈసారి పెద్దమ్మ వైపు తిరిగింది. ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి చాచి, పట్టిన కొంగు మీద పిడికిలి తెరిచింది.

ఆ వయసు పిల్లలకు పట్టుకోవడం ముందు వస్తుందని, వదలడం తర్వాత వస్తుందని పుస్తకంలో చదివాను. ఆ క్షణంలో ఆ పుస్తకం నాకు గుర్తురాలేదు.

పెద్దమ్మ కొంగు ముడి వేసుకుంది. లేచి గాజు వైపు చూసి, "సల్లగా ఉండు తల్లీ. ఇంగ నీకు పుట్టిల్లుండాది" అంది. పాప ఒళ్ళోని బియ్యం గుడ్డతో సహా మూట కట్టి నా భార్య చేతికిచ్చింది. బంట్రోతు ఏరిన గింజలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. చివరికి చేతిరుమాలులో కట్టుకొని కోటు జేబులో వేసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ ఆ ముడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఊళ్ళోకి వచ్చేసరికి మేం రైలు దిగామన్న కబురు ముందే చేరింది. ఉలిగమ్మ వాకిట్లో ఆడవాళ్ళు గుమికూడి ఉన్నారు. పెద్దమ్మ ఇంటికి కూడా పోకుండా నేరుగా అక్కడికే నడిచింది. ఉలిగమ్మ అరుగు దిగలేదు.

"ఏమే, ఇచ్చిందా?"

"ఇచ్చిందక్కా."

"ఎట్లిచ్చింది? నిజం చెప్పు."

"ఆయమ్మ గాజు అల్మారాలో ఉండాది. కాళ్ళకాడ గంగాధర కూతుర్ని కూర్చోబెట్టి ఒడి నింపినా. ఆ బిడ్డ చేత్తో ఇచ్చింది."

ఆడవాళ్ళలో గుసగుస. ఎవరో నవ్వారు. ఉలిగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పసిబిడ్డ చెయ్యి అమ్మ చెయ్యి ఎట్లయితాదే? ఎవురికి చెప్తావు ఈ కత?"

"నీకే చెప్తాండా" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నీ పెద్దకూతురు చలిజ్వరంతో మంచం మీద పోయిన పొద్దు, కాళ్ళకాడ కూర్చున్న పిల్ల ఎవురు? నీ చెల్లెలి మనవరాలు. ఆ పిల్ల ఇచ్చిన పిడికెడు నువ్వు గంపలో పోసుకున్యావా ల్యాదా? నీ కూతురిచ్చిందనే కదా పోసుకున్యావు? అది చెల్లితే ఇదీ చెల్లల్ల. ఇది చెల్లకుంటే నీ గంపలో ఇన్నేండ్లు ఉండేది ఎవురి కలిమక్కా?"

నవ్విన గొంతు ఆగిపోయింది. ఉలిగమ్మ చాలాసేపు పెద్దమ్మ కొంగు ముడిని చూసింది. తర్వాత తిరిగి ఇంట్లోకి పోయింది. తలుపు వేస్తుందేమోననుకున్నాను. ఆమె తన బియ్యం గంపను రెండు చేతుల మీద మోసుకొని బయటికొచ్చింది. అరుగు దిగి, పెద్దమ్మ ముందు నేల మీద పెట్టింది.

"మొదట నా దాంట్లో పొయ్యి. పిడికెట్లో సగం నువ్వే మింగేవు" అంది.

ఆ మాటకు వాకిలంతా గొల్లున నవ్వింది. పెద్దమ్మ ముడి విప్పి నాలుగు గింజలు ఉలిగమ్మ గంపలో వేసింది. ఆ తర్వాత ఆడవాళ్ళు పరుగులు తీశారు. చాటలు, గంపలు, చారెడు పట్టే చిన్న డబ్బాలు కూడా వచ్చాయి. మద్రాసు నుంచి వచ్చిన ఆ పిడికెడు ఊరంతటికీ సరిపోయింది. చివరికి కొంగులో మిగిలిన గింజల్ని పెద్దమ్మ మా గంపలో దులిపింది. ఆ రోజు మా పాపను ఎత్తుకోని ఇల్లు లేదు. అన్ని చేతులు మారితే ఏ జబ్బు అంటుకుంటుందోనని నేను వెనకాలే తిరిగాను కానీ, దానికి తుమ్ము కూడా రాలేదు.

ఆ ఏడు వానలు ఎప్పటిలాగే సగమే పడ్డాయి. ఎవరూ ఎవరినీ అనలేదు.

పెద్దమ్మ ఇప్పుడు మా దగ్గరికి హిందూపురం వచ్చినప్పుడల్లా, "ఇట్లాంటి ఇండ్లు ఇంకా యాడాడ ఉండాయి గంగాధరా?" అని అడుగుతుంది. కలకత్తాలో ఉందని చెబుతాను. రైలు ఎన్ని చోట్ల మారాలని అడుగుతుంది. పాపకు నాలుగో ఏడు వచ్చాక చూద్దామంటాను. "నీ భయానికి నాలుగో ఏడు యాడ సాలుతాది" అంటుంది.

మద్రాసు నుంచి వచ్చిన కొత్తలో ఉలిగమ్మ మనవరాలు అత్తగారింటికి బయలుదేరింది. నేను ఊళ్ళోనే ఉన్నాను. పెద్దమ్మ పొద్దున్నే తలంటి పోసుకొని, మంచి చీర కట్టుకొని, మా వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పిలుపు వస్తుందని ఆమెకు తెలుసు. రాకముందే పోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. పక్క వీధిలో పాట మొదలుపెట్టబోయి ఎవరో ఆగారు. కాసేపటికి ఉలిగమ్మే మా సందు మలుపులో కనబడింది.

"ఏమే కుళ్ళాయమ్మా! బిడ్డ పీట మీద కూర్చోని ఎంతసేపాయె. పాట ఎత్తేవాళ్ళు ల్యాక అందరూ నోర్లు తెర్సుకోని ఉండారు. నీకు బండి పంపల్నా?"

పెద్దమ్మ ఒళ్ళోని పొట్టు దులుపుకొని లేచింది.